పేరున్న చెఫ్ జపనీస్ రెస్టారెంట్‌కు అంత డబ్బు పెట్టాలా? బెంగళూరులో ముందే తేల్చుకోవడం ఎలా

పెళ్లిరోజు దగ్గరపడిందనో, బోనస్ పడిందనో, ఆఫీసులో ఎవరో వెళ్లి ఫొటోలు పెట్టారనో, బెంగళూరులో ఉండే మనవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. పెద్ద పేరున్న చెఫ్, జపనీస్ ఫ్యూజన్, స్టార్ హోటల్. ఇద్దరు తిని లేస్తే సులువుగా పది వేలు. మందు పుచ్చుకుంటే ఇంకా పైకి. అంత పెట్టాలా?

నా మటుకు జవాబు ఇది: పెట్టొచ్చు, కానీ కళ్లు మూసుకుని కాదు. ఆ వంటగదిలో రోజూ నిలబడే మనిషికి పని వచ్చి ఉండాలి. అక్కడ తప్ప ఊళ్లో మరోచోట దొరకనివే మీరు తినాలి. ఇద్దరు, మహా అయితే ముగ్గురు వెళ్లాలి. ఈ మూడూ కుదిరితే ఆ ఖర్చుకు న్యాయం జరుగుతుంది. కుదరకపోతే మీరు కట్టేది బోర్డు మీద పేరుకు.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని చెప్పుకునేవాళ్లం మనం. తిండికి ధర పెట్టడం మనకు కొత్త కాదు. కానీ యానాం రేవులో పులస కొనేవాడు అది గోదావరికి ఎదురీదిన చేపో, ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసో చూసుకోకుండా జేబులో చెయ్యి పెట్టడు. ఇక్కడా అంతే జాగ్రత్త కావాలి. ఎలా చూసుకోవాలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

ముందు మామూలు జపనీస్ తినండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నేను మాత్రం దీన్నే మొదట పెడతాను. జపనీస్ తిండి ఇంతకుముందు తినని వాళ్లు నేరుగా ఖరీదైన చోటికి వెళ్తే, తమ ముందున్నది గొప్పదో కాదో పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. బాగుంటే పేరు వల్ల బాగుందనిపిస్తుంది, బాగోకపోతే జపనీస్ తిండే ఇంతేమో అనిపిస్తుంది. రెండూ నష్టమే.

బెంగళూరుకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. బిడదిలో టయోటా ఫ్యాక్టరీ, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉండటంతో జపాన్ కుటుంబాలు ఈ ఊళ్లో చాలాకాలంగా ఉంటున్నాయి. ఇంటి తిండి వెతుక్కుంటూ వాళ్లు వెళ్లే చోట్లు ఉన్నాయి. రెసిడెన్సీ రోడ్డులోని హరిమా అలాంటిదే. అలాంటి చోట మధ్యాహ్నం ఒక సెట్ మీల్ తినండి. అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, కాల్చిన చేప ముక్క, ఊరబెట్టిన కూర ముక్కలు ఒకే ట్రేలో వస్తాయి. దాంతో పాటు సాల్మన్ నిగిరి రెండు ముక్కలు చెప్పండి. నిగిరి అంటే చేత్తో ఒత్తిన చిన్న అన్నపు ముద్ద మీద పచ్చి చేప పలక. వసాబి అనే పచ్చటి ముద్ద ఘాటు, సోయా సాస్ ఉప్పు, చేప కొవ్వు మీ నాలుకకు ఒకసారి పరిచయమైతే చాలు. పచ్చి చేప మీ వల్ల కాదని అక్కడే తేలిపోయినా మంచిదే. తక్కువ ఖర్చుతో తేలింది.

రెసిడెన్సీ రోడ్డులోనే ఐటీసీ గార్డెనియాలో ‘ఎదో’ (Edo) అనే జపనీస్ రెస్టారెంట్ ఉంది. అది స్టార్ హోటల్ స్థాయి. ఈ రెండింటి మెనూలూ ఆన్‌లైన్‌లో పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకే సాల్మన్ ముక్కకు హోటల్ గోడలు ఎంత కలుపుతాయో మీకే తెలుస్తుంది. పేరున్న చెఫ్ మెనూ దాని పక్కన పెడితే పేరు ఎంత కలుపుతుందో కూడా తెలుస్తుంది.

పేరు ఎవరిది, చెయ్యి ఎవరిది?

పేరున్న చెఫ్ రెస్టారెంట్ ఎలా నడుస్తుందో తెలిస్తే సగం విషయం అర్థమవుతుంది. చాలాచోట్ల హోటల్‌దే పెట్టుబడి. చెఫ్ తన పేరు, మెనూ, వంట పద్ధతులు ఇస్తాడు, మొదట్లో మనుషులకు శిక్షణ ఇస్తాడు, తర్వాత అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తాడు. రోజూ వండేది అక్కడి హెడ్ చెఫ్, ఆయన బృందం. ఇందులో మోసం లేదు. పద్ధతి గట్టిదైతే వంట దేశాలు దాటుతుంది.

ఈ తరహా వంటకు ప్రపంచంలో ఎక్కువ పేరు తెచ్చింది నొబు మత్సుహిసా. జపాన్‌లో సుషీ (నిగిరి లాంటి, వెనిగర్ కలిపిన అన్నంతో చేసే వంటకాలు) నేర్చుకుని 1973లో పెరూ రాజధాని లిమాకు వెళ్లాడు. 1899 నుంచి జపాన్ వాళ్లు వలస వెళ్లి స్థిరపడిన దేశం అది. అక్కడి నిమ్మకాయ, మిరప, కొత్తిమీర పచ్చి చేప పక్కన చేరింది. 1987లో బెవర్లీ హిల్స్‌లో తన పేరుతోనే మత్సుహిసా తెరిచాడు. నటుడు రాబర్ట్ డి నీరో తోడై 1994లో న్యూయార్క్‌లో నొబు మొదలైంది. హమాచి చేపను పల్చగా కోసి, ఒక్కో ముక్క మీద పచ్చిమిరప చక్రం పెట్టి, పుల్లటి సోయా రసం పోసిన ప్లేటు మీకు ఏ ఊళ్లో కనిపించినా, దాని మూలం ఈ ప్రయాణంలోనే ఉంది. మన దేశంలో ఇలాంటి పేరు ముందుగా వచ్చింది ముంబైకి: జపాన్ చెఫ్ మసహరు మొరిమొటో పేరుతో తాజ్ మహల్ ప్యాలెస్‌లో 2004లో ‘వసాబి’ అనే రెస్టారెంట్ తెరిచారు.

ఫ్యూజన్ అనగానే కలగూరగంప అని తీసిపారేయకండి. మనం జపాన్ సొంతం అనుకునే టెంపురా (పల్చటి పిండిలో ముంచి వేయించేది) కూడా 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు అక్కడికి తెచ్చిన వేపుడు పద్ధతి నుంచి వచ్చిందే. మనకు మిరపకాయ తెచ్చిందీ వాళ్లే. వేరే ఊరి పదార్థం వంటలో ఇమిడిపోతే అది వంటే. ఇమడకుండా పైన కూర్చుంటేనే అనుమానించాలి.

కాబట్టి టేబుల్ బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. హెడ్ చెఫ్ ఎవరు, ఇక్కడ ఎంతకాలంగా ఉన్నారు? సుషీ కౌంటర్ దగ్గర నిలబడేది ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు? చేప ఏయే రోజుల్లో వస్తుంది? ఇవి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. బాగా నడిచే చోట ఈ ప్రశ్నలు వింటే సంతోషిస్తారు, తెలియకపోతే కనుక్కుని తిరిగి ఫోన్ చేస్తారు. "మా చెఫ్ వరల్డ్ ఫేమస్ సర్" అన్నమాటే తిప్పితిప్పి చెబుతుంటే, అమ్ముతున్నది ఆ పేరేనని తెలిసిపోతుంది. తెరిచిన మొదటి రెండు నెలలు అసలు చెఫ్ మనుషులు ఇక్కడే ఉంటారు కాబట్టి వంట బాగుండే అవకాశం ఎక్కువ. సేవలో మాత్రం తడబాటు ఉంటుంది. నేనైతే ఆ తడబాటును ఓర్చుకుని అప్పుడే వెళ్తాను.

మెనూ చదివే పద్ధతి

అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. మెనూ ముందురోజే ఇంట్లో తీరిగ్గా చదవండి. టేబుల్ దగ్గర మసక వెలుతురులో, సర్వర్ పక్కన నిలబడి ఉండగా చదివితే హడావిడిలో ఏదో ఒకటి చెప్పేస్తారు.

ప్రతి వంటకం దగ్గరా ఒక్కటే చూడండి: ఈ ధరలో పదార్థం ఎంత, చేతిపని ఎంత, అలంకారం ఎంత?

పదార్థానికీ చేతిపనికీ డబ్బు పెట్టదగ్గవి చెబుతాను. మొదటిది నిగిరి, సాషిమి (అన్నం లేకుండా ఉత్త పచ్చి చేప ముక్కలు). బెంగళూరుకు సముద్రం లేదు. సాల్మన్ ఎక్కువగా నార్వే నుంచి, హమాచి జపాన్ నుంచి విమానంలో వస్తాయి. ఆ ఖర్చు నిజమైన ఖర్చు. ఫ్రీజర్‌లో పెట్టిన చేప అనగానే తక్కువ రకం అనుకోకండి. పచ్చిగా తినే చేపలో పరాన్నజీవులు చావాలంటే దాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా గట్టిగా గడ్డకట్టించి మైనస్ 35 దగ్గర 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార నియమాలు చెబుతాయి. ట్యూనాను మైనస్ 60 దగ్గర నిల్వ చేయడం జపాన్‌లోనూ మామూలే. చూడాల్సింది దాన్ని ఎలా కరిగించారు, ఎలా కోశారు అన్నదే. ముక్క అంచు నున్నగా తెగి ఉండాలి, పీచు లేవకూడదు, ప్లేటులో నీళ్లు ఊరకూడదు. నీచు వాసన అసలు రాకూడదు.

రెండోది మిసో పట్టించిన బ్లాక్ కాడ్. ఇలాంటి రెస్టారెంట్లన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. పేరు కాడ్ అయినా ఇది అలస్కా, కెనడా వైపు చల్లటి సముద్రంలో దొరికే సేబుల్‌ఫిష్. ఒళ్లంతా కొవ్వున్న చేప. తెల్ల మిసో, సాకే (బియ్యపు మద్యం), మిరిన్ (వంటకు వాడే తియ్యటి బియ్యపు మద్యం), పంచదార కలిపి మరిగించి చల్లార్చిన ముద్దలో దీన్ని రెండు మూడు రోజులు నానబెట్టి, తర్వాత కాలుస్తారు. ప్లేటు ముందుకు రాగానే అంచులు చూడండి. పంచదార మాడి అక్కడక్కడా నల్లబడి ఉండాలి, మధ్యలో తేనె రంగు మెరవాలి. చాప్‌స్టిక్ కొనతో పైనుంచి మెల్లగా నొక్కితే ముక్క చితకకూడదు. పెద్ద పెద్ద పొరలుగా జారి విడిపోవాలి, ఒక్కో పొర మధ్య తడి మెరుస్తూ కనిపించాలి. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెంటనే ఉప్పు, చివర్లో మిసో పులిసిన రుచి. లోపలి భాగం కూడా చప్పగా లేకుండా అదే రుచి పలికితే మూడు రోజుల పని నిజంగా జరిగిందన్నమాట. పైన మాత్రమే తియ్యగా, లోపల ఉత్త చేపలా ఉంటే సాస్ పూసి కాల్చి ఇచ్చారు. ఈ ఒక్క ప్లేటుతో ఆ వంటగది గురించి చాలా తెలుస్తుంది. ఖరీదు ఎంతున్నా ఇది మాత్రం చెప్పమనే అంటాను.

మూడోది, ఆ చెఫ్‌కు పేరు తెచ్చిన వంటకం ఏదైతే అది. ఏదో ఒకటి ఉంటుంది. ఫోన్‌లోనే అడిగి పెట్టుకోండి.

ఇక డబ్బు పెట్టకూడనివి. ఎడమామె అంటే ఉడికించి ఉప్పు చల్లిన పచ్చి సోయా కాయలు. ఫ్రైడ్ రైస్, నూడుల్స్, గ్యోజా (మోమోల్లాంటివి) ఊరంతా దొరుకుతాయి. స్పైసీ మయో, క్రీమ్ చీజ్, వేయించిన పొడి నింపిన పెద్ద పెద్ద రోల్స్ లోపల చేప రుచి తెలియనే తెలియదు. అవి తినాలనుంటే ఇందిరానగర్‌లోనో కోరమంగళలోనో మామూలు సుషీ చోట్లలో చాలా తక్కువకే వస్తాయి. ట్రఫుల్ (ఖరీదైన ఒక రకం పుట్టగొడుగు) ఆయిల్ పేరు చెప్పి ధర పెంచిన ప్రతిదాన్నీ పక్కన పెట్టండి. మార్కెట్లో ఉన్న ట్రఫుల్ ఆయిల్‌లో చాలా భాగం మామూలు నూనెలో కలిపిన రసాయన సువాసన. పైన అతికించిన బంగారు రేకుకు అసలు రుచే లేదు.

వసాబి గురించి ఒక మాట. మనకు మామూలుగా ఇచ్చే పచ్చ ముద్ద గుర్రపుముల్లంగి (హార్స్‌రాడిష్) పొడిలో ఆవాలు, రంగు కలిపింది. అసలు వసాబి ఒక దుంప. దాన్ని అప్పటికప్పుడు తురుముతారు, పావుగంటలో దాని ఘాటు ఎగిరిపోతుంది. మామూలు చోట పచ్చ ముద్ద ఇస్తే నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కో నిగిరి ముక్కకు వందలు తీసుకునే చోట మాత్రం తురిమిన వసాబి ఉండాలి. లేకపోతే ఆ ధర అడిగే హక్కు వాళ్లకు లేదనే నా అభిప్రాయం.

బిల్లు ముందే లెక్క వేసుకోండి

మెనూ ధర వేరు, కట్టే ధర వేరు. ఉదాహరణకు ఇద్దరికి ఆరు ప్లేట్లు, సగటున ఒక్కోటి 1,400 రూపాయలు అనుకుందాం. మొత్తం 8,400. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదులుండే హోటల్లోని రెస్టారెంట్ అయితే 18 శాతం జీఎస్టీ, అంటే 1,512. బయట విడిగా ఉన్న రెస్టారెంట్ అయితే 5 శాతమే, 420. అదే తిండికి పన్నులోనే 1,092 రూపాయల తేడా. మందు జీఎస్టీ కిందకు రాదు, దానికి రాష్ట్రం పన్నులు వేరు.

దీనిమీద 10 శాతం సర్వీస్ చార్జ్ వేశారనుకోండి. 840 కలుస్తుంది, దానిమీదా జీఎస్టీ పడుతుంది. హోటల్ బిల్లు 9,912 కావలసింది 10,903కు చేరుతుంది. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. సేవ నచ్చితే మీకు తోచినంత టిప్ చేతికే ఇవ్వండి, అది మీ ఇష్టం.

కూర్చోగానే "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?" అని అడుగుతారు. రెండూ సీసా నీళ్లే, రెండింటికీ బిల్లు పడుతుంది. మామూలు ఫిల్టర్ నీళ్లు చాలని చెప్పండి. డైనింగ్ యాప్‌లు, హోటళ్ల సొంత మెంబర్‌షిప్‌లు, క్రెడిట్ కార్డు ఆఫర్లలో ఏదైనా ఆ రెస్టారెంట్‌కు వర్తిస్తుందేమో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. బిల్లు వచ్చాక వెతికితే పనికిరావు.

బుకింగ్

శుక్ర, శనివారాల రాత్రులు వద్దు. గోల ఎక్కువ, వంటగది మీద ఒత్తిడి ఎక్కువ, బెంగళూరు ట్రాఫిక్‌లో వైట్‌ఫీల్డ్ నుంచో ఎలక్ట్రానిక్ సిటీ నుంచో ఊరి మధ్యకు చేరేసరికి మీకు విసుగు. బుధ, గురువారాలు మేలు. చేప వచ్చే రోజు తెలుసుకున్నారు కదా, ఆ రోజో మర్నాడో చూసుకోండి. సెలవు దొరికితే మధ్యాహ్నం ఇంకా మంచిది. చాలాచోట్ల లంచ్‌కు సెట్ మెనూ గానీ బెంతో పెట్టె (అరలున్న పెట్టెలో సర్ది ఇచ్చే భోజనం) గానీ ఉంటుంది, అదే చేతులు అదే చేపతో తక్కువ ధరకు పెడతాయి.

బుక్ చేసేటప్పుడు సుషీ కౌంటర్ దగ్గరే సీటు అడగండి. కిటికీ పక్క టేబుల్ అని బలవంతపెడతారు, వద్దనండి. మీరు డబ్బు పెడుతున్నది చేతిపనికైతే ఆ చెయ్యి కనిపించే చోట కూర్చోవాలి.

సాయంత్రం ఐదింటికి ఇంట్లో ఏదైనా కొంచెం తిని వెళ్లండి. ఇక్కడ ప్లేట్లు చిన్నవి. ఆకలి మీద వెళ్తే కడుపు నింపుకోవడానికి రైస్, నూడుల్స్ చెబుతారు, వాటికి పెట్టిన డబ్బే అసలు దండగ.

శాకాహారులు, శనివారాలు, పెద్దవాళ్లు

ఇంట్లో శాకాహారులు ఉంటే ఈ భాగం వదలకండి. జపనీస్ వంటలో చేప కంటికి కనపడని చోట కూడా ఉంటుంది. మిసో సూప్, టోఫూ మీద పోసే రసం, ఉడికించిన కూరలు, టెంపురా పక్కన ఇచ్చే సాస్, వీటన్నిటికీ మూలం దాషి అనే చారు. దాన్ని సముద్రపు నాచుతోనూ, ఎండబెట్టి పొగబెట్టిన బొనిటో చేప తురుముతోనూ కాస్తారు. మెనూలో ఆకుపచ్చ చుక్క చూసి ఊరుకోకండి. "దాషి దేనితో చేశారు? నాచు, షిటాకే పుట్టగొడుగులతో చేసింది ఉందా?" అని అడగండి. టెంపురా పిండిలోనూ మయోనైజ్‌లోనూ గుడ్డు ఉండొచ్చు. మిరిన్, సాకే రెండింట్లోనూ మద్యం ఉంటుంది. శనివారాలు నీచు ముట్టని వాళ్లు, కార్తీకమాసం పాటించే వాళ్లు ఆ రోజుల్లో బుక్ చేసుకోకపోవడమే నయం. పూర్తి శాకాహారులకు ఈ ధర గిట్టుబాటు కాదని నిష్కర్షగా చెబుతాను. ఆ ధరలో పెద్ద భాగం చేపకూ, చేపను కోసే నేర్పుకూ పోతుంది. వంకాయ మీద మిసో పట్టించి కాల్చిన వంటకం అద్భుతంగా ఉంటుంది, నిజమే. కానీ అదొక్కటీ మామూలు జపనీస్ చోటులో కూడా బాగానే చేస్తారు.

గర్భంతో ఉన్నవాళ్లు పచ్చి చేప జోలికి వెళ్లొద్దు. పెద్ద ట్యూనాలో పాదరసం ఎక్కువ కాబట్టి ఉడికించినా మితంగానే. ఒంట్లో నీరసంగా ఉన్న పెద్దవాళ్లకూ పచ్చివి వద్దు. ఊరి నుంచి అమ్మానాన్నా వచ్చారని సరదాగా తీసుకెళ్లాలనుకుంటే ముందు వాళ్ల మనసు తెలుసుకోండి. ధర చూసి నాన్నగారు నోరు మెదపకుండా కూర్చుంటే ఆ పూట ఎవరికీ సుఖం ఉండదు. వాళ్లను మధ్యాహ్నం పూట, కళ్లముందు పెనం మీద వేడివేడిగా వండి వడ్డించే టెప్పన్యాకి చోటికి తీసుకెళ్లండి. అది వాళ్లకు నచ్చుతుంది.

పదిమంది స్నేహితుల పుట్టినరోజు పార్టీకి మాత్రం ఇది చోటు కాదు. అందరూ తలా ఒకటి చెబుతారు, సగం పచ్చివి ఎవరూ తినరు, మిగిలిన సగం రోల్స్.

టేబుల్ దగ్గర

అన్నీ ఒకేసారి చెప్పకండి. మొదట రెండు చల్లటి ప్లేట్లు, ఒకటి సాషిమి, ఒకటి ఆ చెఫ్ పేరున్నది. అవి తిన్నాక ఆగి చూసుకోండి. ఇక్కడే సగం తేలిపోతుంది. చేప బాగుందా, సాస్ చేపను మింగేసిందా? బాగుంటే ముందుకు వెళ్లండి. బాగోకపోతే బ్లాక్ కాడ్ ఒక్కటి తిని బిల్లు అడగండి. ఖరీదైన చోటికి వచ్చాం కదా అని కడుపునిండా తిని లేవాలన్న నియమం ఎక్కడా లేదు.

మన నాలుక కారం వెతుక్కుంటుంది. మొదటి ముక్క చప్పగా తోచి, చెయ్యి సోయా గిన్నె వైపు పోతుంది. రెండు మూడు ముక్కలు అలాగే తినండి. కారం లేని చోట తీపి, పులుపు, చేప కొవ్వు ఒక్కొక్కటే బయటపడతాయి. కాల్చిన వాటి మీద చల్లుకోవడానికి తొగరాషి అడగండి. ఎండుమిరప, నువ్వులు, నారింజ తొక్క లాంటివి కలిపిన ఏడు దినుసుల పొడి అది. మన వాళ్లకు వెంటనే నచ్చుతుంది.

తర్వాత నిగిరి. కౌంటర్ దగ్గర కూర్చుంటే చెఫ్ చేతులు చూడండి. ఎడమచేతిలో చేప పలక, కుడిచేత్తో అన్నం ముద్ద, మధ్యలో వేలికొసతో వసాబి, రెండు మూడు ఒత్తులు, అంతే. ముక్క మీ ముందు పెట్టగానే తినేయాలి, ఫొటో కోసం ఆగకూడదు. అన్నం ఒంటి వేడితో గోరువెచ్చగా ఉండి, పైన చేప చల్లగా ఉండే ఆ తేడా రెండు నిమిషాల్లో పోతుంది. చాప్‌స్టిక్స్ రాకపోతే టెన్షన్ పడకండి. నిగిరిని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే, చేత్తో తినడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చెఫ్ ముందే పైన సోయా రాసి ఇస్తే మళ్లీ ముంచకండి. రాయకపోతే ముక్క తిప్పి చేప వైపు మాత్రమే తాకించండి. అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోయి ఉప్పు పీల్చుకుంటుంది. పక్కన గులాబీ రంగులో కనిపించే అల్లం ముక్కలు నిగిరి మీద పెట్టుకోవడానికి కాదు, ఒక చేపకూ మరో చేపకూ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి.

నోట్లో అన్నాన్ని గమనించండి. చేప కన్నా అన్నమే ఎక్కువ చెబుతుంది. ముద్ద నోట్లో పడగానే మెతుకు మెతుకుగా విడిపోవాలి, కానీ చేతిలో విడిపోకూడదు. వెనిగర్ పులుపు ఉండాలి, ముక్కుకు తగలకూడదు. అన్నం చల్లగా, గట్టిగా, ఫ్రిజ్‌లోంచి తీసినట్టు ఉంటే ఆ రెస్టారెంట్ మీద ఎంత పెద్ద పేరున్నా ఇక అక్కడ సుషీ చెప్పకండి. అన్నం తెలిసిన మనుషులం, ఈ ఒక్క విషయంలో మన తీర్పును మనం నమ్మొచ్చు.

ఒమకసె, అంటే ఏం పెట్టాలో చెఫ్‌కే వదిలేసే భోజనం, మొదటిసారి వద్దు. మనిషికి ఇంత అని ముందే ధర కడతారు, నచ్చకపోతే మధ్యలో ఆగడానికి వీలుండదు. మొదటిసారి కౌంటర్ దగ్గర కూర్చుని, ఆ చెఫ్ చెయ్యి నచ్చి, ఆయన ఇంకా అక్కడే పనిచేస్తుంటే రెండోసారి దానికి వెళ్లండి. అప్పుడు అది ఆ మెనూలో అన్నిటికన్నా గిట్టుబాటైన ఖర్చు అవుతుంది.

చివర్లో తీపికి బలవంతపెడతారు. మాచా (జపాన్ గ్రీన్ టీ పొడి) టిరమిసు, యుజు (జపాన్ నిమ్మ జాతి పండు) చీజ్‌కేక్ లాంటివి. బాగానే ఉంటాయి, కానీ అలాంటివి ఊళ్లో మంచి బేకరీలు కూడా చేస్తున్నాయి. ఆ డబ్బుతో ఇంకో రెండు నిగిరి ముక్కలు తినమంటాను.

మిగిలితే, బ్లాక్ కాడ్ లాంటి వండినవి మాత్రమే పార్సిల్ చేయించుకోండి. పచ్చి చేప ఉన్నదేదీ ఇంటికి మోయకండి. సిల్క్ బోర్డ్ దగ్గర గంటసేపు ఇరుక్కుంటే అది తినదగ్గదిగా ఉండదు.